తండ్రి వృత్తి అనే గడి

ఆ శనివారం పొద్దున గిలకలదిండి హార్బరులో, ముప్పై ఎనిమిది మంది పిల్లల ముందు, నేలమీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక మనిషిని వేలు పెట్టి చూపించాను. "చూశారుగా, చదువుకోకపోతే బతుకు ఇలా ఉంటుంది" అన్నాను. నోరు జారి అన్న మాట కాదది. అక్కడ ఎవరో ఒకరిని చూపించి ఆ మాట అనాలని ఆటోలో వస్తున్నప్పుడే అనుకున్నాను. ఎవరిని చూపించాలన్నది మాత్రం అక్కడికి వెళ్ళాక తేల్చుకున్నాను. ఆయన నీడలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు, చుట్టూ పిల్లలు నిలబడడానికి చోటుంది. అంతకంటే కారణం లేదు.

నేను బందరుకు దగ్గర్లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా ఊరు గూడూరు వైపు. మాది పొలాలున్న ఇల్లు. హార్బరు మా బడికి ఆటోలో పావుగంట దూరం. ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్ళలో అక్కడికి నేను చేపలు కొనుక్కోవడానికి తప్ప వెళ్ళలేదు. వెళ్ళినప్పుడు కూడా బండి దిగకుండా బేరం చేసేవాణ్ణి.

రెండేళ్ళ కిందట మా స్కూల్లో కెరీర్ క్లబ్ పెట్టమని పైనుంచి కాగితం వచ్చింది. సైన్సు మేడంకి అప్పటికే మొక్కల క్లబ్బుంది, లెక్కల మాస్టారికి పరీక్షల పని, తెలుగు మాస్టారికి లైబ్రరీ. మిగిలింది నేను. శనివారం చివరి రెండు పీరియడ్లు క్లబ్బుకి. గోడకి చార్టులు అంటించాం. ఒకసారి బ్యాంకులో పనిచేసే ఆయన్ని పిలిచాం, ఒకసారి నర్సమ్మని, ఒకసారి కానిస్టేబుల్ని. పేరు చెప్పకుండా ఒక పని చేసి చూపిస్తే మిగతావాళ్ళు అదేం పనో చెప్పే ఆట ఆడించేవాణ్ణి. ప్రతివారం ఫొటోలు తీసి టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. ఫొటో బాగా వచ్చిన వారం క్లబ్బు బాగా జరిగినట్టు లెక్క.

ఏడాది మొదట్లో పిల్లలందరి చేతా కార్డులు రాయించాను. నేను ఏం కావాలనుకుంటున్నాను, ఎందుకు, ఇంకా ఏం తెలుసుకోవాలి. ముప్పై ఎనిమిది కార్డులు. ఫైల్లో పెట్టి, ఫైలు ఫొటో తీసి, బీరువాలో పడేశాను. ఒక్క కార్డూ చదవలేదు.

ఆ క్లబ్బులో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. రెండో వరసలో కిటికీ పక్కన కూర్చునేది. దేన్నైనా వేళ్ళతో కొలిచే అలవాటుండేది. మ్యాపు పాఠం చెప్పిన రోజు బందరు నుంచి దివిసీమ చివర దాకా తీరాన్ని రెండు వేళ్ళు మార్చి మార్చి పెట్టుకుంటూ కొలిచి, "తొమ్మిది సార్" అంది. "తొమ్మిది ఏంటి?" అన్నాను. "తొమ్మిది వేళ్ళు" అంది. అందరం నవ్వాం.

ఒక శనివారం చెయ్యెత్తి అడిగింది. "సార్, ఏ చేపకి ఎంత కన్ను ఉండాలో లెక్క చూసే చదువేదన్నా ఉంటదా?"

"చేప కన్నా?"

"కాదు సార్, వల కన్ను. దారాల మధ్య సందు."

వెనక బెంచీలో ఎవడో, "కళ్ళ డాక్టరువి అయిపోవే, అన్ని కళ్ళూ చూడొచ్చు" అన్నాడు. క్లాసంతా గోల. నేను ఆ గోల ఆపడానికి, "ముందు ఎనిమిది పాసవ్వమ్మా, తర్వాత చూద్దాం" అన్నాను. పది రోజుల తర్వాత వరండాలో ఆపి మళ్ళీ అడిగింది. మళ్ళీ చూద్దామన్నాను. మూడోసారి అడగలేదు.

హార్బరుకి తీసుకెళ్ళింది ఫిబ్రవరిలో. క్షేత్ర పర్యటన ఒకటైనా ఉండాలన్నారు, అది దగ్గర, అందుకని. నాలుగు ఆటోల్లో దిగాం. చేపల వేలంపాట జరుగుతోంది. ట్రేలలో ఐసు మీద చందువలు, రొయ్యలు, ఇంకా ఏవేవో నాకు పేరు తెలియనివి. నేను జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. నన్ను చూసి సగం మంది పిల్లలు చున్నీలు, చొక్కా కాలర్లు పైకి లాక్కున్నారు.

"బాబోయ్, ఏం కంపురా" అన్నాడొకడు.

"మీ ఇంట్లో పులుసు పెట్టినప్పుడు రాదేంట్రా కంపు? అప్పుడు పళ్ళెం నాకుతావుగా" అని ఇంకొకడు. వాడిది అక్కడి పడవల వాళ్ళ ఇల్లే.

షెడ్డుకి అవతల పట్టా కట్టిన నీడలో ఆ మనిషి కూర్చుని ఉన్నాడు. నీలం రంగు వల ఆయన చుట్టూ గుట్టలా పడి ఉంది. ఒక కొసని కాలి బొటనవేలికి తగిలించుకుని బిగువుగా పట్టుకున్నాడు. చినిగినచోట దారాలు ముందు కత్తిరిస్తున్నాడు. కంత ఇంకా పెద్దదవుతోంది. చెడగొడుతున్నాడేమిటి అనుకున్నాను. తర్వాత తెలిసింది, పాడైన దారాలు తీసేసి గట్టి దారం దొరికే దాకా వెనక్కి వెళ్తేనే అతుకు నిలుస్తుందట. ఆ రోజు నేను అదేమీ అడగలేదు. పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, వేలు చూపించి, ఆ మాట అన్నాను. ఆ క్షణమే ఫొటో తియ్యమని ఒక పిల్లకి ఫోను ఇచ్చాను.

ఆయన తలెత్తాడు. నన్ను చూశాడు, పిల్లల్ని చూశాడు. చేతిలో సూది ఆగింది. నాకైతే అది ఒక్క క్షణం. తర్వాత నవ్వి, "సారు చెప్పేది నిజమే. బుద్ధిగా చదువుకోండి. మాలాగా అవమాకండి" అన్నాడు.

"మావయ్యా, నువ్వు ఎందాకా చదివావు?" అని అడిగాడు పళ్ళెం నాకుతావుగా అన్నవాడే.

"స్కూలు గోడ దాకా ఎల్లానయ్యా. గోడ బాగుంది. అక్కడే ఆగిపోయా."

పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. రెండో వరస కిటికీ పిల్ల కూడా నవ్వింది. నాకది బాగా గుర్తుంది. మిగతావాళ్ళు ఆపేశాక కూడా ఆమె నవ్వుతూనే ఉంది, కాస్త గట్టిగా. నోటు పుస్తకం తీసి, నేనన్న మాట రాసుకుంది కూడా.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా పక్కన కూర్చున్న పిల్ల మెల్లగా చెప్పింది. "సార్, ఆయన దాని వాళ్ళ నాన్న."

వెనక ఆటోలో ఉన్న రెండో వరస కిటికీ పిల్ల గురించే అని నాకు వెంటనే అర్థమైంది.

అప్పుడైనా దిగి వెనక్కి వెళ్ళి ఉండొచ్చు. వెళ్ళలేదు. సోమవారం పిలిచి మాట్లాడదాం అనుకున్నాను. స్కూలుకి వచ్చాక అలవాటుగా ఫొటోలు గ్రూపులో పెట్టాను. పదకొండు ఫొటోలు. అందులో అన్నిటికంటే బాగా వచ్చింది ఆ ఫొటోనే. నా వేలుంది, చుట్టూ పిల్లలున్నారు, ఆయన వంచిన తల ఉంది. మొహం సరిగ్గా కనపడట్లేదులే అనుకున్నాను. తెలిసే పెట్టాను. "చదువు విలువ తెలుసుకున్న మా విద్యార్థులు" అని రాశాను. రెండు చప్పట్లు, ఒక నమస్కారం వచ్చాయి. తల్లిదండ్రుల గ్రూపులోకి కూడా దాన్ని ఎవరో పంపారు. ఆ గ్రూపులో ఆయన కూడా ఉన్నారని నాకు తెలుసు.

సోమవారం ఆ పిల్ల మామూలుగానే వచ్చింది. నేను పిలవలేదు. ఆమె బాధపడినట్టు లేదు, కదిపితే గుర్తుచేసినట్టవుతుంది, అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వారమే బల్ల దగ్గరికి వచ్చి, "సార్, నా కార్డు మార్చుకుంటాను" అంది. కొత్త కార్డు ఇచ్చాను. నిలబడే రాసి ఇచ్చింది. సాఫ్ట్‌వేర్. ఎందుకు అన్నచోట, మంచి ఉద్యోగం. ఇంకా ఏం తెలుసుకోవాలి అన్నచోట ఏమీ లేదు. "వెరీ గుడ్" అన్నాను. పాతది తీసి ఇవ్వాలని కూడా తోచలేదు, బీరువా తాళం ఎక్కడో ఉంది.

వేసవి సెలవులయ్యాక స్కూళ్ళు తెరిచిన వారం ఆ పిల్ల నాన్న వచ్చారు. తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో కాగితాలున్న కవరుతో, స్టాఫ్ రూము గుమ్మం బయట నిలబడ్డారు. లోపలికి రమ్మంటే చెప్పులు విడిచి వచ్చారు. కుర్చీ చూపిస్తే, "పర్లేదండి" అని నిలబడే ఉన్నారు.

"పాపకి టీసీ కావాలండి. దివిసీమలో, అవనిగడ్డ అవతల, హాస్టలు బడిలో తొమ్మిదో క్లాసులో ఒక సీటు ఖాళీ ఉందంట. అక్కడ చదువుతానంటంది."

"ఇక్కడేమైంది?" అన్నాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

"ఏం కాలేదండి. అక్కడ తెలిసినోళ్ళు ఎవరూ ఉండరంట. అలాగైతే బాగా చదువుద్దంట." కవర్లోంచి ఆ హాస్టలు బడి అప్లికేషను తీశారు. "ఇది కాస్త నింపిపెట్టండి సార్. నాకు ఇంగ్లీషు రాయడం రాదు."

పేరు రాశాను, పుట్టిన తేదీ రాశాను. తండ్రి వృత్తి అన్న గడి దగ్గర ఆగాను. ఆయన బల్ల అంచు చూస్తూ అన్నారు. "అక్కడ వ్యాపారం అని రాయండి సార్. పిల్ల అలా రాయమంది."

నేను పెన్ను పట్టుకుని ఉన్నాను. "ఆ రోజు హార్బరులో నేను..." అన్నాను.

"అయ్యో, మీరన్నదాంట్లో తప్పేముందండి. మీ పిల్లలకి మీరు మంచి చెప్పుకున్నారు" అని వెంటనే అందుకున్నారు. నన్ను ఆ మాట పూర్తి చెయ్యనివ్వలేదు. తనలో తను అనుకున్నట్టు, "మజ్జానం నాకు క్యారేజీ తెచ్చేది. వల కన్ను కొలిచేది, నా కంటే జోరుగా. ఇప్పుడు క్యారేజీ ఐసు షాపు కాడ పెట్టి ఎల్లిపోద్ది. ఎదుగుతున్న పిల్ల కదండి, ఎండ" అన్నారు.

వ్యాపారం అని రాశాను. నా చేతి రాతతోనే రాశాను. ఆయన రెండు చేతులతో కాగితం అందుకుని, దణ్ణం పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక బీరువా తాళం వెతికాను. పాత కార్డుల కట్టలో ఆమెది దొరికింది. నేను ఏం కావాలనుకుంటున్నాను: వలలు కట్టే ఆమె. ఎందుకు: మా నాన్న చినిగిన వల చూసి ఏది చించిందో చెప్తాడు. నాకు కూడా కొంచెం తెలుసు. చిన్న చేపలు జారిపోయే వల కట్టాలి, లేకపోతే తర్వాత సంవత్సరానికి చేపలు ఉండవు. ఇంకా ఏం తెలుసుకోవాలి: దీనికి చదువు ఉందా, దాని పేరు ఏంటి. సార్‌ని అడగాలి.

సార్‌ని రెండుసార్లు అడిగింది.

ముగ్గురికి ఫోన్ చేశాను. మత్స్యశాస్త్రంలో వలల గురించీ పడవల గురించీ విడిగా ఒక విభాగమే ఉందని, ఇంటర్లో బైపీసీ తీసుకుని ఆ డిగ్రీకి వెళ్ళొచ్చని మూడో ఆయన చెప్పాడు. ఇదంతా తెలుసుకోవడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

తర్వాతి ఆదివారం హార్బరుకి వెళ్ళాను. ఆయన అదే నీడలో ఉన్నారు. ఈసారి ఆ మాట పూర్తి చేశాను. తప్పు చేశానని, క్షమించమని అడిగాను. సూది ఆపకుండా విన్నారు. దారిలో నేను ఒక ఉపాయం కూడా ఆలోచించుకుని వెళ్ళాను. స్కూలుకి పిలిచి, క్లబ్బు పిల్లలకి వల పని చూపించమని అడిగి, శాలువా కప్పాలని. అదీ చెప్పాను.

"వద్దు సార్" అన్నారు. "మళ్ళీ నన్ను పిల్లకాయల ముందు పెట్టమాకండి. మంచిగా చూపిచ్చినా చూపిచ్చేదేగా."

శాలువా మాట వచ్చినప్పుడు కూడా నా మనసులో ఎక్కడో ఫొటో ఉందని ఆయనకి తెలిసినట్టే అనిపించింది.

కొత్త ఏడాది క్లబ్బు మొదటి శనివారం, తొమ్మిదిలోకి వచ్చిన పాత పిల్లల ముందు నిలబడి జరిగింది చెప్పాను. అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని, ఆ ఫొటో పెట్టడం ఇంకా పెద్ద తప్పని చెప్పాను. పళ్ళెం మాట అన్న కుర్రాడు లేచి, "మాకు ఆ రోజే తెలుసు సార్, ఆయనెవరో. అందరికీ తెలుసు" అన్నాడు.

"మరి ఎందుకు నవ్వారు?"

"మీరు నవ్వారు కదా సార్" అన్నాడు.

హాస్టలు బడిలో ప్రతి నెలా రెండో ఆదివారం తల్లిదండ్రుల్ని లోపలికి రానిస్తారు. జులైలో నేనొక్కణ్ణే వెళ్ళాను. మోపిదేవి గుడికి వెళ్ళేవాళ్ళతో కిక్కిరిసిన బస్సులో నిలబడి, పులిగడ్డ వంతెన దాటి. పాత మాస్టారినని చెప్తే వార్డెన్ గారు వరండాలో కూర్చోమన్నారు. పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది. సన్నబడింది. నమస్తే సార్ అంది, నేల చూస్తూ.

చెప్పాల్సింది చెప్పాను. నేను ఆ మాట అనకూడదమ్మా, మీ నాన్నగారి పని గురించి నాకేమీ తెలియకుండా అన్నాను, నువ్వు నా వల్ల ఇంత దూరం రావాల్సి వచ్చింది.

"మీరన్నందుక్కాదు సార్" అంది.

"మరి?"

ఏడవకుండానే అంది. "నేను నవ్వాను. నాన్న చూశాడు."

ఆమె అక్కడికి పారిపోయింది తండ్రి అంటే సిగ్గుపడి అని నేను అనుకున్నాను. ఆ గడిలో వ్యాపారం అని రాసినప్పుడూ అదే అనుకున్నాను. తండ్రి మొహం చూడలేక పారిపోయిందని నాకు తట్టలేదు. అది ఏ మాస్టారూ వెనక్కి తీసుకోగలిగింది కాదు. నేను అన్న మాటైతే నేను దిద్దుకోవచ్చు. ఆమె నవ్విన నవ్వు ఆమెది. దాన్ని ఆమె నోట్లో పెట్టింది నేను.

బందరు వచ్చి నేరుగా హార్బరుకి వెళ్ళాను. పిల్ల అన్నది ఆయనకి చెప్పాను. ఈసారి సూది ఆగింది.

"నవ్వాలనే కదండి నేనన్నది" అన్నారు.

"ఏది?"

"గోడ మాట. పిల్ల వెనకాల నిలబడి ఉంది. మొహం ఏడుపుకొచ్చేసింది. ఏడిస్తే అందరికీ తెలిసిపోద్ది. ఏదోటి అని నవ్విస్తే గట్టెక్కుద్దనుకున్నా. నేను ఏడు దాకా చదివానండి. దానికి తెలుసు ఆ సంగతి." వల మీద చెయ్యి రాసుకుంటూ, "నవ్వింది గదా అని నేను సంతోషపడ్డా" అన్నారు.

"మీరు వెళ్ళి ఈ మాట చెప్పండి" అన్నాను.

"నన్ను రావద్దనలేదండి. అమ్మని పంపమంది. రెండూ ఒకటే కదా."

ఒప్పించడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆగస్టు రెండో ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. అదే తెల్ల చొక్కా. జేబులో వల సూది మర్చిపోయి వచ్చారు, పెన్నులాగా కనపడుతోంది. తీసి దాచబోయి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నారు. ఆమె పాత కార్డు ఆయన చేతికిచ్చాను. వెనక వైపు ఆ చదువు పేరు, ఇంటర్లో ఏం తీసుకోవాలో, ఎవరిని అడగాలో వివరంగా రాశాను. కింద, ఆలస్యంగా చెప్తున్నందుకు క్షమించమని రాశాను. ఆయన చదివి, మడవకుండా జేబులో పెట్టుకున్నారు.

నేను లోపలికి వెళ్ళలేదు. రోడ్డుకి ఇవతల టీ బడ్డీ దగ్గర కూర్చున్నాను. రెండు గంటలు ఉండనిస్తారు. ఆయన అరగంటకే బయటికొచ్చారు.

"ఏమందండీ?"

"అన్నం తిన్నావా అంది." బల్ల మీద కూర్చుని మళ్ళీ అన్నారు. "నువ్వు ఏడు దాకా చదివావు కదా నాన్నా, గోడ అని ఎందుకన్నావు అంది. నాకు చెప్పడం చేతకాలేదండి. తలకాయ ఊపి వచ్చేశా."

"కార్డు?"

జేబు తడిమి చూపించారు. "తీసుకోలేదు. నీ కాడే ఉంచు అంది."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ వైపు కూర్చున్నారు. వంతెన మీద కృష్ణ వెడల్పుగా, బురదగా పారుతోంది. అప్లికేషనులో ఆ గడి ఇంకా నేను రాసినట్టే ఉంది. మార్చమని అడిగే హక్కు నాకు లేదు.

సెప్టెంబరు రెండో ఆదివారం మళ్ళీ వెళ్ళాం. ఆయన కార్డు జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళారు. వాళ్ళిద్దరూ గేటు దాకా నడిచి వస్తే నేను కనపడకూడదని, అదే బడ్డీ దగ్గర, గేటుకి వీపు పెట్టి కూర్చున్నాను.